పంగత్‌లో కూర్చోవడం సిగ్గు కాదు: మనకు రావలసిన ఉచిత సహాయం ఎక్కడ, ఎలా?

సాధ్ సంగత్ జీ, ఈ పాఠం మన ఇళ్లలో ఇద్దరూ ముగ్గురూ కలిసి కూర్చుని చదువుకోవలసినది. చదవడం వచ్చినవారు పెద్దగా చదవండి, రానివారు వినండి. మధ్యలో ఆగి, మన ఇంట్లో ఇది ఉందా లేదా అని ఒకరినొకరు అడగండి. చివర కొన్ని ప్రశ్నలు ఇచ్చాము. వచ్చే ఆదివారం దీవాన్ అయ్యాక వాటి గురించి మాట్లాడుకుందాం.

మన సిక్లిగర్ బస్తీల్లో తరచూ జరిగేది ఒకటి చూడండి. ఇంట్లో ఒకరికి గుండె జబ్బో, కిడ్నీలో రాయో వస్తుంది. ముందు చేతిలో ఉన్న డబ్బు పోతుంది. తర్వాత తల్లి మెడలోది కుదువకు పోతుంది. ఆ తర్వాత వెల్డింగ్ మిషను, సాన చక్రం అమ్ముడుపోతాయి. మనిషి బతికి ఇంటికి వస్తాడు, కానీ చేసుకుని తినడానికి పనిముట్టు ఉండదు. అదే వైద్యం రేషన్ కార్డు మీద ఉచితంగా జరిగేదని ఆరు నెలల తర్వాత ఎవరో చెబుతారు. కార్డు లేకనో, కార్డులో ఆ మనిషి పేరు లేకనో, అడగడానికి సిగ్గుపడో ఆ ఇల్లు నష్టపోయింది. ఈ పాఠం ఆ నష్టం మరో ఇంటికి రాకుండా ఉండడానికి.

1. అడగడం భిక్షమా?

మన పెద్దల్లో చాలామంది ఒక మాట అంటారు: "మనం గురువుగారి సిక్కులం, చేతిపని చేసుకుని తినేవాళ్లం, ఎవరి దగ్గరా చేయి చాచం." ఈ మాటలో గొప్ప గౌరవం ఉంది. కిరత్ కరో, నామ్ జపో, వండ్ ఛకో అనే మూడు మాటల్లో మొదటిది మన జాతి నెత్తురులోనే ఉంది. కత్తికి సానపట్టేవారి పేరే మన పేరు అయింది. కాబట్టి భిక్షం మనకు తగదు. అది నిజమే.

అయితే లంగర్‌లో కూర్చోవడం భిక్షమా? గురు అమర్‌దాస్ జీ గోయింద్‌వాల్‌లో ముందు పంగత్, తర్వాతే సంగత్ అని నియమం పెట్టారు. అక్బర్ చక్రవర్తి వచ్చినప్పుడు కూడా అందరితో పాటు నేల మీద వరుసలో కూర్చునే ప్రసాదం తీసుకున్నాడని మన సంప్రదాయం చెబుతుంది. పంగత్‌లో కూర్చున్నవాడు బిచ్చగాడు కాడు. ఇచ్చేవాడు పైన, తీసుకునేవాడు కింద అన్న తేడా అక్కడ లేదు. ఈ రోజు తిన్నవాడే రేపు వడ్డిస్తాడు.

ప్రభుత్వ సహాయం కూడా అలాంటిదే. మనం కొన్న ప్రతి సబ్బులో, ప్రతి ఇనుప రేకులో పన్ను కడుతున్నాం. ఆ పన్నుతో నిండిన గోలక్ నుంచే ఆస్పత్రి, బడి, బియ్యం నడుస్తాయి. చట్టం "ఇది వీరికి రావాలి" అని రాసిన తర్వాత దాన్ని అడగడం హక్కు. అడగకపోతే మన వరుసలోని విస్తరి ఖాళీగా ఉండిపోతుంది. దానివల్ల ఎవరి గౌరవమూ పెరగదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గురు నానక్ దేవ్ జీ ఎమనాబాద్‌లో భాయీ లాలో అనే వడ్రంగి ఇంటి ముతక రొట్టె తిన్నారు, మలిక్ భాగో విందును కాదన్నారు. ఎందుకో మన పిల్లలకు కూడా తెలుసు. కాబట్టి లేని బీదరికం చూపించి, దొంగ కాగితం పెట్టి తీసుకునే సహాయం మనకు వద్దు. అది మరో పేదవాడి విస్తరిలోది. మనకు రావలసినది వదలకూడదు, రానిది ముట్టకూడదు. ఈ పాఠమంతటికీ ఇదే కొలబద్ద.

2. మొదటి పని: పేరు ఒకటే ఉండాలి

మన ఇళ్లలో సగం పనులు ఆగేది ఇక్కడే. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. తెలుగునాట ఇంటిపేరు ముందు రాస్తారు. మనలో టాక్, బావరి, జూని, కల్యాణి వంటి గోత్రాలు పేరు చివర వస్తాయి. అందువల్ల ఒక చోట "టాక్ గుర్మీత్ సింగ్", ఒక చోట "గుర్మీత్ సింగ్ టాక్", మరో చోట ఉత్త "జి. సింగ్" అవుతుంది. కంప్యూటరుకు వీళ్లు ముగ్గురు మనుషులు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. దక్కన్‌లో పుట్టింటివారు "బాయి" అని పిలుస్తారు, అమృత్ తీసుకున్నాక "కౌర్" అవుతుంది, పెళ్లయ్యాక మెట్టినింటి గోత్రం చేరుతుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లు. రేపు భర్త పోతే వితంతు పింఛన్‌కు ఆ తల్లి తానే ఆమె అని నిరూపించుకోలేక తిరుగుతుంది.

అందుకే ఈ వారం ఇంట్లో ఈ పని చేయండి. ఒక తెల్ల కాగితం మీద ఇంట్లో ప్రతి ఒక్కరి పేరుతో ఒక వరుస గీయండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఓటరు కార్డు, బడి కాగితం అని గడులు పెట్టండి. ఒక్కో దానిలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం చూసి రాయండి. తేడా ఉన్న చోట సున్నా చుట్టండి. ఏ పేరు ఉంచుకోవాలో ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించి, ముందు ఆధార్ సరిచేయించండి. మిగతావి దాన్ని బట్టి మారతాయి. కొత్తగా ఆధార్ తీయించుకోవడం పూర్తిగా ఉచితం. పేరు మార్పుకు మాత్రం కొద్ది రుసుము ఉంటుంది, దానికి రసీదు ఇస్తారు. ఆధార్‌కు ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ నంబరు కలిపించుకోండి. పాత నంబరు పోయి ఉంటే ఓటీపీ ఎవరికో వెళ్తుంది, మీ పని ఆగిపోతుంది.

3. పిల్లల పుట్టిన పత్రం

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు. 30 రోజుల లోపు అయితే చిన్న ఆలస్య రుసుము. ఏడాది దాటితే రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి, చాలాసార్లు తిరగాలి. పని కోసం ఊరూరూ తిరిగే కుటుంబాల్లో, గుడారంలోనో అద్దె గదిలోనో పుట్టిన పిల్లలకు ఈ పత్రమే ఉండడం లేదు. 2023లో మారిన చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలుకొని పుట్టిన తేదీకి ఈ పత్రమే ఆధారం. మన పాత పిల్లలు టీచరు రాసిన తేదీతో నెట్టుకొచ్చారు. కొత్త పిల్లలకు అది నడవదు.

కాన్పు ఆస్పత్రిలో అయితే డిశ్చార్జి అయ్యేటప్పుడే అడగండి. ఇంట్లో అయితే ఆశా కార్యకర్తకు, పంచాయతీ కార్యదర్శికి లేదా మున్సిపల్ కార్యాలయానికి వెంటనే చెప్పండి. తల్లి పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే రాయించండి.

4. కులం గడి, మతం గడి

సిక్లిగర్ అనే పేరు పంజాబ్, హర్యానా, ఢిల్లీలలో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంది. అక్కడి బంధువులు చెప్పింది విని మనవాళ్లు ఇక్కడ కూడా ఎస్సీ సర్టిఫికెట్ అడుగుతారు, కాదంటే బాధపడతారు. ఈ జాబితాలు రాష్ట్రానికొకటి. లుధియానాలో చెల్లే సర్టిఫికెట్ నిజామాబాద్‌లో చెల్లదు. ఇక్కడి తహశీల్దార్ కార్యాలయంలో మన రాష్ట్రపు జాబితా చూపించమని మర్యాదగా అడగండి. పేరు ఏ వర్గంలో, ఏ అక్షరాలతో ఉందో చూసి, అదే అక్షరాలతో దరఖాస్తు పెట్టండి. తండ్రికో, పెదనాన్నకో ఇచ్చిన పాత సర్టిఫికెట్ ఉంటే దాని నకలు జతచేయండి. పని తేలికవుతుంది.

మతం సంగతి వేరు. 1992 నాటి జాతీయ మైనారిటీ కమిషన్ చట్టం కింద కేంద్రం ప్రకటించిన మైనారిటీల్లో సిక్కులు ఉన్నారు. ఇది రాష్ట్రాన్ని బట్టి మారదు. అయితే బడిలో చేర్చేటప్పుడు రిజిస్టరు రాసేవారు తెలియక మతం గడిలో మరొకటి రాసేస్తారు. పదో తరగతి అయ్యాక దాన్ని మార్చడం చాలా కష్టం. చేర్చిన రోజే "సిక్కు" అని రాయించి, మీ కళ్లతో చూడండి.

5. బియ్యం, అరిగిపోయిన వేళ్లు

2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం రావాలి. అత్యంత నిరుపేదల అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. కొత్త కోడలు, కొత్త బిడ్డ పేర్లు కార్డులో చేర్చకపోతే ఆ రెండు నోళ్ల బియ్యం నెలనెలా పోయినట్లే.

పని మీద జిల్లాలు, రాష్ట్రాలు తిరిగేవారు తెలుసుకోవలసినది: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంతో మీరు ఉన్న ఊరి రేషన్ దుకాణంలోనే జాతీయ చట్టం కింద మీ వాటా తీసుకోవచ్చు. కార్డు మార్చుకోనక్కరలేదు. కార్డు నంబరు లేదా ఆధార్ నంబరు చెప్పి, వేలిముద్ర వేస్తే చాలు.

అయితే ఆ వేలిముద్రే మనకు చిక్కు. రోజంతా నిప్పు దగ్గర, సుత్తితో, సానరాయితో పనిచేసే చేతి మీద గీతలు ఉండవు. మిషను "సరిపోలలేదు" అంటుంది, డీలరు "రేపు రా" అంటాడు. అప్పుడు కోపంతో వెనక్కి రావద్దు. పది వేళ్లూ ప్రయత్నించమనండి. చేతులు కడుక్కుని, తుడుచుకుని మళ్లీ పెట్టండి. కంటి పాపతో చూసే ఐరిస్ యంత్రం కానీ, ఫోనుకు వచ్చే ఓటీపీ కానీ వాడమని అడగండి. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో అర్హులకు రేషన్ నిరాకరించకూడదని 2017లో కేంద్రం రాష్ట్రాలకు ఆదేశం ఇచ్చింది. ఈ మాట మెల్లగా, గౌరవంగా చెప్పండి. అయినా ఇవ్వకపోతే మండల కార్యాలయంలోని పౌరసరఫరాల అధికారికి రాసి ఇవ్వండి.

6. జబ్బు చేసినప్పుడు

ఈ భాగాన్ని ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉంది. 2023 డిసెంబరులో ఈ మొత్తాన్ని పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయం ఎంతైనా సరే, ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వేరుగా ఉంది. ఇంట్లో తాతయ్య, నానమ్మ ఉంటే వారి కార్డు ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీయించండి.

ఈ పథకం ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే కాదు, ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ నడుస్తుంది. అలాంటి ఆస్పత్రిలో లోపలికి వెళ్లగానే "ఆరోగ్యమిత్ర ఎక్కడ?" అని అడగండి. ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి పనే మీకు దారి చూపడం. డబ్బు కట్టే కౌంటరు దగ్గరికి ఆ తర్వాతే వెళ్లండి. అడ్వాన్సు కట్టి చేరాక పథకంలోకి మారడం కష్టమవుతుంది. అన్ని జబ్బులూ ఇందులో ఉండవు. మామూలు జ్వరానికి, ఓపీ చీటీకి వర్తించదు. మన జబ్బు జాబితాలో ఉందా, ఈ ఆస్పత్రిలో ఆ చికిత్సకు అనుమతి ఉందా అని రెండూ అడగండి. ఊళ్లో నుంచే తెలుసుకోవాలంటే 104కు ఫోన్ చేయవచ్చు. ప్రాణం మీదికి వస్తే 108 పిలవండి. దానికి డబ్బు ఇవ్వనక్కరలేదు.

గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు ఉంటే అంగన్‌వాడీలో పేరు రాయించండి. గుడ్డు, పాలు, టీకాలు అక్కడి నుంచే మొదలవుతాయి. తాగుడు మానాలనుకునేవారికి 14446 అనే ఉచిత నంబరు ఉంది. అమృత్ తీసుకున్న ఇంట్లో ఈ బాధ ఉంటే దాచుకోవడం వల్ల ఆ ఇంటి ఆడవాళ్లే ఎక్కువ నలుగుతారు. సహాయం అడగండి.

7. పిల్లల చదువు

6 నుంచి 14 ఏళ్ల వరకు చదువు ఉచితమని 2009 నాటి విద్యాహక్కు చట్టం. కాగితం లేదని బడి మీ బిడ్డను వెనక్కి పంపకూడదు. ముందు చేర్చుకుని, కాగితాలు తర్వాత అడగాలి. పని కోసం ఊరు మారితే కొత్త ఊరి బడిలో నేరుగా చేర్చవచ్చు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు.

తల్లిదండ్రులు తిరుగుతూ ఉంటే హాస్టల్ ఉన్న చదువే మంచిది. తెలంగాణలో మైనారిటీ గురుకుల పాఠశాలలు ఉన్నాయి. అక్కడ భోజనం, బట్టలు, పుస్తకాలు ఉచితం. ముస్లిం, క్రైస్తవ పిల్లలతో పాటు సిక్కు పిల్లలకూ వాటిలో చోటు ఉంది. ఐదో తరగతి చేరిక ముఖ్యమైనది కాబట్టి, బిడ్డ నాలుగో తరగతిలో ఉండగానే జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో తేదీలు కనుక్కోండి. కేశాలు, దస్తార్ గురించి ప్రిన్సిపాల్‌తో చేరే రోజే మాట్లాడి పెట్టుకోండి. గురుద్వారా కమిటీ నుంచి ఒక లేఖ తీసుకెళ్తే మంచిది. అమ్మాయిలను కూడా పంపండి. ఇంట్లో ఒక్క ఆడపిల్ల పదో తరగతి దాటితే ఈ పాఠంలోని సగం పనులు ఆమే చేసిపెడుతుంది.

మధ్యలో బడి మానేసిన పిల్లలకు ఓపెన్ స్కూల్ ఉంది. పని చేసుకుంటూ పదో తరగతి రాయవచ్చు. అది పాసైతే ఐటీఐలో వెల్డర్, ఫిట్టర్ కోర్సులు. మన పిల్లలకు ఇనుము పుట్టుకతోనే తెలుసు. సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ.

8. మన చేతిపనికి

2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులో 18 వృత్తులు ఉన్నాయి. కమ్మరి, తాళాలు చేసేవారు, సుత్తి వంటి పనిముట్లు చేసేవారు, ఆయుధాలు చేసేవారు అనే నాలుగూ మన పనికి దగ్గరివి. ఇంత స్పష్టంగా మన వృత్తి పేరుతో వచ్చిన పథకాలు తక్కువ.

ఇందులో ఏముంది? ముందు మీరు ఫలానా వృత్తి చేసేవారని సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇస్తారు. 5 నుంచి 7 రోజుల శిక్షణ ఉంటుంది, ఆ రోజులకు రోజుకు 500 రూపాయలు ఇస్తారు. పనిముట్ల కోసం 15,000 రూపాయల విలువైన ఈ-వోచర్ ఇస్తారు. తర్వాత కావాలంటే తాకట్టు లేకుండా మొదట 1 లక్ష, అది సరిగా తీర్చాక 2 లక్షల వరకు అప్పు, 5 శాతం వడ్డీకి. బస్తీలో నెలకు నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవారు ఈ లెక్క వేసుకుని చూడండి. లక్షకు నూటికి 3 అంటే ఏడాదికి 36,000. ఇక్కడ 5 శాతం అంటే ఏడాదికి 5,000.

షరతులు కూడా తెలుసుకోండి. 18 ఏళ్లు నిండాలి. సొంతంగా చేతిపని చేసుకునేవారై ఉండాలి. ఒక కుటుంబం నుంచి ఒక్కరికే. ఇక్కడ కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు. పెళ్లయి వేరుగా ఉన్న కొడుకుది వేరే కుటుంబం. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. ముద్ర, స్వనిధి వంటి అప్పు తీసుకుని ఇంకా తీర్చని వారికి కూడా రాదు. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్ వేలిముద్రతో చేస్తారు. నమోదుకు డబ్బు లేదు. తర్వాత సర్పంచ్ లేదా మున్సిపాలిటీ స్థాయిలో "ఈయన నిజంగా ఈ పని చేస్తాడా" అని చూస్తారు. కొలిమి ముందు పని చేస్తున్న ఫోటో, అమ్మే సరుకు ఫోటో ఉంచుకోండి. అడిగినప్పుడు పనికొస్తాయి.

అప్పు గురించి ఒక మాట. అది సహాయమే కానీ ఉచితం కాదు. పెళ్లి ఖర్చుకు వాడితే అది మరో ఉరి అవుతుంది. మిషను కొనడానికి, ఇనుము కొనడానికి మాత్రమే తీసుకోండి.

9. ముసలివారు, ఒంటరి తల్లులు

వృద్ధులకు, వితంతువులకు తెలంగాణలో నెలకు 2,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000 రూపాయల పింఛన్ ఉంది. వికలాంగులకు ఇంకా ఎక్కువ. వారికి ముందుగా సదరం సర్టిఫికెట్ కావాలి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోత పడేలా సురక్షా బీమా రాయించుకుంటే, ప్రమాదంలో మనిషి పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. కరెంటుతో, గ్యాసుతో పనిచేసే ప్రతి ఇంటికీ ఇది కావాలి. కొడుకులు చూడక బాధపడే పెద్దలకు 14567, ఆపదలో ఉన్న ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. ఇవి ఉచితం.

10. పోలీసు, కోర్టు

ఎక్కడైనా దొంగతనం జరిగితే, తాళాలు చేసేవారు, కత్తులు చేసేవారు అని మన బస్తీకే ముందు రావడం మన పెద్దలకు తెలిసిన బాధ. భయంతో పారిపోవద్దు. పారిపోతే అనుమానం పెరుగుతుంది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

లాయరుకు డబ్బు లేదా? 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా లాయరును ఇస్తారు. కస్టడీలో ఉన్నవారికి, ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేదు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంది. దేశమంతటా నంబరు 15100. ఇంటి గోడ మీద ఈ నంబరు రాసి పెట్టండి. అన్నదమ్ముల తగవు, చెక్కు తగవు వంటివి లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా తేల్చుకోవచ్చు.

11. దళారి దగ్గర జాగ్రత్త

"నాకు రెండు వేలు ఇవ్వు, నీ కార్డు నేను చేయిస్తా" అనేవాడు ప్రతి బస్తీలో ఉంటాడు. మీసేవలో ప్రతి పనికి ఎంత రుసుమో బోర్డు మీద ఉంటుంది. అంతే కట్టి రసీదు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పనులు గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ అవుతాయి. రసీదు మీది దరఖాస్తు నంబరే మీ బలం. అసలు కాగితాలు ఎవరి చేతికీ వదలవద్దు, నకళ్లే ఇవ్వండి. ఓటీపీ ఫోన్‌లో ఎవరికీ చెప్పవద్దు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయవద్దు.

పని ఆగితే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజు జరుగుతాయి. ఒక పేజీలో రాయండి: నేను ఎవరు, ఏ తేదీన ఏ నంబరుతో దరఖాస్తు పెట్టాను, ఇంతవరకు ఏమైంది, నాకు ఏం కావాలి. అంతకుమించి కథ వద్దు. ఇంకా జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద "నా దరఖాస్తు ఏ బల్ల మీద ఉంది" అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

12. గురుద్వారాలో కాగితాల సేవ

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్కరే చేసుకోవాలంటే కష్టం. చదువు రాని తల్లి ఇన్ని నంబర్లు ఎలా గుర్తుపెట్టుకుంటుంది? అందుకే ఇది సంగత్ పని. చెప్పుల దగ్గర సేవ, పాత్రల సేవ ఎంత గొప్పవో, ఒక ముసలమ్మ ఫారం నింపడం కూడా అంతే గొప్ప సేవ.

ప్రతి గురుద్వారాలో నెలకు ఒక ఆదివారం, లంగర్ తర్వాత రెండు గంటలు ఇలా చేయవచ్చు. ఇంటర్, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు ఒక బల్ల, ఒక రిజిస్టరు పెట్టుకుని కూర్చోవాలి. వచ్చిన ఇంటి పేరు, కావలసిన పని, దరఖాస్తు నంబరు, తర్వాత ఎప్పుడు చూడాలో రాయాలి. ఆడవాళ్ల కోసం ఒక అమ్మాయి తప్పక ఉండాలి. ఆధార్ నంబర్లు ఉన్న ఆ రిజిస్టరును తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఇద్దరిద్దరు వెళ్లాలి. ఒంటరిగా వెళ్లినవాడిని "రేపు రా" అన్నంత తేలికగా ఇద్దరిని అనలేరు. ఫీజుకు, బస్సు ఛార్జీకి లేనివారికి దస్వంధ్ నుంచి ఇవ్వడం కమిటీ ఆలోచించాలి. నెల తర్వాత ఎన్ని పనులు అయ్యాయో సంగత్‌కు చెప్పాలి. ఎవరి ఇంటి కష్టమో మాత్రం బయట చెప్పకూడదు.

మన పక్క బస్తీలోని సిక్కులు కాని పేదలు వచ్చి అడిగినా అదే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. భాయీ ఘనయ్యా జీ ఆనంద్‌పూర్ యుద్ధంలో గాయపడినవారికి నీళ్లు పోస్తూ మనవాడా, శత్రువా అని అడగలేదు. గురువుగారు ఆయనను మందలించలేదు, చేతికి మందు కూడా ఇచ్చారు. సర్బత్ దా భలా అని రోజూ అర్దాస్‌లో అంటున్నాం కదా, ఆ మాటకు ఇది ఒక రూపం.

ఆలోచించుకోవలసిన ప్రశ్నలు

1. పంగత్‌లో కూర్చోవడానికీ భిక్షానికీ తేడా ఏమిటి? మీ మాటల్లో ఇంట్లో పిల్లలకు చెప్పండి.
2. మీ ఇంట్లో ఎంతమంది పేర్లు అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయి? తేడా ఉన్నవి ఏవి?
3. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోతే మీరు ఏ మూడు పనులు చేస్తారు?
4. ఆస్పత్రిలోకి వెళ్లగానే ముందు ఎవరిని అడగాలి? డబ్బు కట్టే ముందు ఏ రెండు ప్రశ్నలు అడగాలి?
5. భాయీ లాలో రొట్టె కథ దొంగ ఆదాయ సర్టిఫికెట్‌కు ఎలా వర్తిస్తుంది?
6. మీ గురుద్వారాలో కాగితాల సేవకు ఎవరు కూర్చోగలరు? రెండు పేర్లు రాసి గ్రంథీ జీకి ఇవ్వండి.

ఇంటి పని: పేర్ల కాగితం గీసి వచ్చే ఆదివారం తీసుకురండి. ఉన్న కాగితాలన్నిటి నకళ్లు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, వాన తగలని చోట ఉంచండి. ఊరు మారేటప్పుడు సుత్తి, దాగలి కంటే ముందు ఆ కవరు సర్దండి.

వాహెగురూ మన చేతులకు కిరత్‌ను, నోటికి నామ్‌ను, ఇంటికి పంచుకునే గుణాన్ని ప్రసాదించుగాక. భూల్ చూక్ మాఫ్.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతెహ్.